తాబేలు జాడ

ఆ విల్లాలో షఫీగాకు చేయడానికి పనేమీ లేదు. అదే ఆమెకు కష్టమైంది. దుప్పటి మడతపెట్టబోతే కూతురు యుమ్నా చెయ్యి పట్టుకుని ఆపింది. టీ తాగిన కప్పు కడగబోతే లాక్కుని బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, నువ్విక్కడ అతిథివి. అతిథులు కప్పులు కడగరు."

"తాగిన కప్పు అలా వదిలేస్తే చీమలు పట్టవూ?"

"చీమల్ని చూసుకోవడానికి వేరే మనుషులున్నారు."

"అబ్బో! చీమలకు కూడానా?"

"అమ్మా, నవ్వించకు. ఏడాది పొడుగునా దవడలు పీకేలా నవ్వితే నాకీ గుర్తింపు వచ్చింది. మూడు రోజులు బుద్ధిగా కూర్చో. నీకోసం కాదు, నాకోసం."

ఆ రిసార్టువాళ్లు ఏటా ఒక మంచి ఉద్యోగిని ఎంచి, వాళ్ల తల్లిదండ్రులను పిలిచి, సముద్రపు ఒడ్డున ఒక విల్లా ఇచ్చి ఉంచుతారు. ఈసారి ఆ పేరు యుమ్నాది. పడవ దిగిన అతిథులకు ఎదురువెళ్లి, చల్లటి తువ్వాలు అందించి, వాళ్లు తిరిగి పడవ ఎక్కేదాకా ఏ లోటూ రాకుండా చూసుకోవడం ఆమె ఉద్యోగం. త్వరలో ఆ విభాగానికి ఆమెనే పెద్దను చేస్తారని తోటివాళ్లు అనుకుంటున్నారు. షఫీగా భర్త వాహిద్‌కు మాత్రం రావడానికి కుదరలేదు. సూర చేప గుంపులు గుంపులుగా తిరుగుతున్న రోజులు. "మెత్తటి పరుపు మీద పడుకుంటే నాకు నడుం పట్టేస్తుంది. నువ్వెళ్లి నా వంతు కూడా పడుకునిరా" అని చెప్పి పడవ ఎక్కేశాడు.

షఫీగాకు ఈ దీవి కొత్తదేమీ కాదు. రిసార్టు లేనప్పుడు, చిన్నతనంలో, తల్లితో కలిసి ఇక్కడికి ఎండుకట్టెలకూ కొబ్బరిమట్టలకూ వచ్చేది. ఇప్పుడు ఆమె ఊరి రేవులో నిలబడి చూస్తే రాత్రిపూట ఈ దీవి దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల కింద ఎవరు నిద్రపోతారో అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. తనే నిద్రపోవలసి వస్తుందని అనుకోలేదు.

మొదటిరోజు సాయంత్రానికే ఆమె చేతులు ఊరుకోలేకపోయాయి. విల్లా ముందు పిండిలాంటి తెల్లటి ఇసుక. దాని మీద బాదం చెట్టు ఎర్రటి ఆకులు రాలుస్తోంది. ఊళ్లో అయితే ఆడవాళ్లు పొద్దు పొడవకముందే వాకిలీ వీధీ ఊడ్చేస్తారు. ఎండెక్కాక ఎవరి గుమ్మం ముందైనా ఆకు కనిపిస్తే ఆ ఇల్లాలికి ఒంట్లో బాగాలేదో, బద్ధకమో ఊరంతా తేల్చేస్తుంది. షఫీగా మెట్ల మీద కూర్చుని ఆకులు రాలడం చూస్తూ ఉంది. ఎవరో తన వాకిలి చూసి మూతి తిప్పుకుంటున్నట్టే అనిపించింది.

ఒడ్డు వెంబడి ఒకతను కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చుకుంటూ వస్తున్నాడు. ఖాకీ చొక్కా, నెరుస్తున్న గడ్డం. దగ్గరికి రాగానే ఆగి, కళ్లు చిట్లించి చూశాడు.

"వాహిద్ అన్న ఇంటావిడవు కదూ నువ్వు? నన్ను గుర్తుపట్టలేదా అక్కా? జరీర్‌ని. మీ పక్క దీవి. మా బాబాయి పడవ మునిగినప్పుడు మీ ఆయనే కదా లాక్కొచ్చింది."

"ఓరి, నువ్వా! బక్కచిక్కిపోయావేంటి? ఇంత పెద్ద చోట పనిచేస్తూ తిండి పెట్టరా?"

"పెడతారు. ఊడ్చి ఊడ్చి అరగదీసుకుంటాం."

"ఊడ్చేది చూస్తూనే ఉన్నాలే. ఆ పొదల కింద వదిలేశావు."

"అక్కడ దొరలెవరూ పడుకోరక్కా."

"ఇలా ఇవ్వు ఆ చీపురు."

జరీర్ చీపురు వెనక్కి దాచుకున్నాడు. "అమ్మో! అతిథి చేతికి చీపురిచ్చానని తెలిస్తే నన్ను చేపలకు వేస్తారు."

"నేనేం అతిథినిరా? యుమ్నా తల్లిని. పొద్దుటి నుంచీ ఊరికే కూర్చుని కూర్చుని చేతులు చచ్చుబడిపోయాయి."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, విను. తెల్లవారుజామున నమాజు కాగానే, ఎవరూ లేవకముందు ఊడ్చుకో. చీపురు ఆ మొగలి పొద వెనక పెడతాను. నేను ఊడ్చాననే అనుకుంటారు. ఎవరైనా చూశారో, నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు."

"నువ్వు ఇంకాసేపు పడుకోవచ్చని కదా నీ సంబరం?"

"అది కూడా ఉందనుకో" అని నవ్వాడు.

మరునాడు తెల్లవారకముందే ఆమె తలగుడ్డ బిగించి, దుస్తులు పైకి దోపుకుని ఊడ్చింది. ఆకులన్నీ కుప్ప చేసి పొద కిందికి నెట్టింది. ఒళ్లు వెచ్చబడ్డాక మనసు కుదుటపడింది. ఆ రోజంతా ఆమె చక్కటి అతిథిగా ఉంది. యుమ్నా తెచ్చిపెట్టిన పండ్లన్నీ తింది, గొడుగు కింద కుర్చీలో కాళ్లు చాపుకుని వక్క నమిలింది.

తాబేలు జాడ కనిపించింది ఆ మరునాడు.

ఇంకా మసక చీకటిగానే ఉంది. నీటి అంచు నుంచి పొదల దాకా ఇసుక మీద వెడల్పాటి జాడ, రెండువైపులా తెడ్లు వేసినట్టు గుర్తులు. పొదల ముందు ఇసుక చిమ్మి ఉంది, అడుగునున్న తడి ఇసుక పైకి తేలి ఉంది. అక్కణ్నించి ఇంకో జాడ వంపు తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయింది. షఫీగా చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమె చిన్నప్పుడు ఊళ్లో అందరూ గుడ్లు తవ్వేవాళ్లు. జాడ కనిపిస్తే చాలు, కర్రలతో గుచ్చి చూసి, బుట్టలతో ఎత్తుకుపోయేవాళ్లు. షఫీగా అమ్మమ్మ మాత్రం ఆ గుడ్లు తినేది కాదు. పురిట్లో పిల్లలను పోగొట్టుకున్న మనిషి. చీకటితోనే ఒడ్డుకు వెళ్లి, ఎక్కడైనా జాడ కనిపిస్తే చీపురుతో చెరిపేసి, గుంట మీద ఆకులు పరిచి వచ్చేది. "తల్లి దాచుకుంది. దాని గుట్టు మనమెందుకు బయటపెట్టాలి?" అనేది. అమ్మమ్మ పక్కన చిన్న చీపురు పట్టుకుని షఫీగా కూడా చెరిపేది. గుడ్లు ముట్టుకోకూడదని తర్వాత చట్టం వచ్చింది. చట్టం వచ్చినా దొంగచాటుగా తవ్వేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

ఇప్పుడూ ఆమె చెయ్యి ఆలోచించలేదు. నీటి దగ్గర మొదలుపెట్టి పొదల దాకా ఊడ్చింది. గుంట మీద ఇసుక సమంగా పరిచి, పైన గుప్పెడు బాదం ఆకులు చల్లింది. రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుంది. ఏమీ జరగనట్టే ఉంది. తల్లి దాచుకున్నది ఇంకా గట్టిగా దాచిపెట్టానని ఆమెకు తృప్తి కలిగింది.

దూరంగా ఒడ్డు మలుపులో జరీర్ కనిపించాడు. రోజూ తెల్లవారగానే ఒడ్డంతా ఒకసారి నడిచి చూడడం అతని పనుల్లో ఒకటి. ఇటువైపు ఇసుక ఊడ్చి నున్నగా ఉండడం చూసి, చెయ్యి ఊపి, అక్కణ్నించే వెనుదిరిగాడు. షఫీగా కూడా చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం యుమ్నా వచ్చి స్నానాల గదిలో తెల్లటి పెద్ద తొట్టె నింపింది. గోరువెచ్చటి నీళ్లు, పైన పూరేకులు, ఏదో నూనె వాసన.

"ఇదిగో, ఇది మాత్రం కాదనకు. దీనికోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు."

"ఇన్ని నీళ్లా? ఒక్క మనిషికా?"

"ఒక్క మనిషికే. మా అమ్మకి."

యుమ్నా పనికి వెళ్లిపోయింది. షఫీగా మొదట సిగ్గుపడింది, తర్వాత తొట్టెలోకి దిగింది. నీళ్లు మెడదాకా వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంతసేపు ఎవరూ పిలవకుండా, దేనికోసమూ లేవకుండా ఆమె ఉండలేదు. కళ్లు మూసుకుంది. బయట ఎక్కడో దబ్బు దబ్బుమని చప్పుడు మొదలైంది. కర్ర మీద సుత్తితో కొడుతున్న చప్పుడు. ఏ పడవో బాగుచేస్తున్నారు అనుకుంది. లేచి చూద్దామా అనిపించింది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఆమె ఇంకాస్త కిందికి జారి, చెవులదాకా నీళ్లలో మునిగింది. అప్పుడు చప్పుడు ఎక్కడో చాలా దూరాన ఉన్నట్టు వినిపించింది.

బట్టలు కట్టుకుని బయటికి వచ్చేసరికి విల్లా ముందు జనం. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి సముద్రం ఎదుట రాత్రి భోజనం అడిగిందట. తెల్లటి పందిరి వేయడానికి నాలుగు గుంజలు పాతుతున్నారు. మూడో గుంజ సరిగ్గా దిగలేదని పైకి లాగితే, దాని మొన పచ్చసొనతో తడిసి వచ్చింది.

తాబేళ్ల సంగతి చూసే అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తీస్తోంది. ఆమె పక్కన తడి గుడ్డ పరిచి ఉంది. బాగున్న గుడ్లు ఒకవైపు, నలిగినవి ఒకవైపు పెడుతోంది. ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. షఫీగా మెట్ల మీదే ఆగిపోయింది. తల నుంచి పూరేకు ఒకటి జారి భుజం మీద పడింది. దాన్ని తీసి ఎక్కడ వేయాలో తెలియక గుప్పిట్లో పెట్టుకుంది.

కాపలావాళ్ల పెద్ద ఫయ్యాజ్ జరీర్‌ను పిలిపించాడు.

"పొద్దున ఒడ్డు చూసి, ఏ జాడా లేదన్నది నువ్వే కదా?"

"నేనే."

"తాబేలు రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చిందా మరి?"

జరీర్ తల వంచి, పచ్చసొన అంటిన గుంజ వైపు చూశాడు.

"చూడు, చీపురు గీతలు. నీళ్ల దగ్గర్నుంచి ఇక్కడిదాకా శుభ్రంగా చెరిపి, పైన ఆకులు కూడా చల్లారు. తాబేలు ఆకులు చల్లుతుందా? ఈ దీవిలో చీపురు పట్టేవాడెవడు? రాత్రికి వచ్చి తవ్వుకుందామనుకున్నావు కదూ? ఎంతమందికి వేద్దామనుకున్నావు అట్టు?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. జరీర్ తల ఎత్తాడు. అతని చూపు జనం మీదుగా మెట్ల దాకా వచ్చి, షఫీగా మీద ఒక్క క్షణం ఆగి, పక్కకు తప్పుకుంది.

"నేను తవ్వే మనిషిని కాదు" అన్నాడు.

"మరి ఎవరు చెరిపారు?"

"తెలీదు."

షఫీగా నోరు తెరిచింది. జనం మధ్యలో యుమ్నా ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, మెడలో పేరు బిళ్లతో, విస్తుపోయి చూస్తున్న అతిథులకు ఏదో నచ్చజెబుతూ నవ్వుముఖంతో అటూ ఇటూ తిరుగుతోంది. షఫీగా నోరు మూసుకుంది. మెల్లగా వెనక్కి నడిచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయంత్రం యుమ్నా వచ్చేసరికి ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. దీపం వేయలేదు.

"జాడ చెరిపింది నేనే" అంది.

"ఏ జాడ?"

"తాబేలుది. పొద్దున. చీపురుతో."

యుమ్నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. "నీకు చీపురు ఎక్కడి..." అని ఆగిపోయింది. "జరీర్ ఇచ్చాడా?"

"నేనే అడిగి తీసుకున్నాను."

"ఎందుకు చెరిపావమ్మా? నీకేం అడ్డమొచ్చింది?"

"ఎవరూ తవ్వకూడదని."

యుమ్నా నేల మీద చతికిలబడింది. "ఇక్కడ ఎవరూ తవ్వరమ్మా. ఇక్కడ జాడ కనిపిస్తే చుట్టూ కర్రలు పాతి తాడు కడతారు. ఎవరినీ అటు అడుగు పెట్టనివ్వరు. ఆ జాడే దానికి కాపలా. దాన్నే నువ్వు తీసేశావు."

షఫీగాకు అప్పుడు అర్థమైంది. ఊళ్లో దాచితే బతికేది, ఇక్కడ దాచడం వల్లే చచ్చింది. ఆ గుంజ దిగుతున్న చప్పుడు తనకు వినబడింది. వెచ్చటి నీళ్లలో చెవులు ముంచుకుని మరీ వింది.

"జరీర్‌ని ఏం చేస్తారు?"

"ఏముంది, నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తారు."

"నా మొహం చూసి చెప్పు."

యుమ్నా చూడలేదు. "రేపటి పడవలో పంపించేస్తారట."

"అయితే పద, ఇప్పుడే వెళ్లి చెబుదాం."

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను. అతిథిగా పిలిస్తే వచ్చి చీపురు పట్టి, గుడ్ల గూడు నాశనం చేసిందట ఎవరి తల్లి? యుమ్నా తల్లి. ఇంక ఆ పదవి నాకిస్తారా? రేపు పొద్దున మేనేజర్ నీతో ఫొటో దిగుతాడు. దిగి, పడవెక్కి వెళ్లిపో. జరీర్ సంగతి తర్వాత నేను ఎలాగోలా మాట్లాడతాను."

"తర్వాత అంటే?"

"తర్వాతంటే తర్వాత!"

యుమ్నా వెళ్లాక షఫీగా వెనకవైపు దారి పట్టుకుని పనివాళ్ల ఇళ్ల దాకా వెళ్లింది. జరీర్ గుమ్మం ముందు కూర్చుని బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ఇటెందుకొచ్చావక్కా? అతిథులు ఇటు రాకూడదు."

"ఎందుకు చెప్పలేదురా? నన్ను చూశావు కదా. వేలెత్తి చూపిస్తే సరిపోయేది."

"చూపిస్తే? అతిథికి చీపురిచ్చినవాడివి నువ్వేగా అంటారు. ఊడ్చి ఉంది కదా అని దగ్గరికి రాకుండానే తిరిగి వెళ్లినవాడివీ నువ్వేగా అంటారు. ఎటూ పోయే ఉద్యోగమే." సంచి మూతి బిగించాడు. "పైగా వాహిద్ అన్న ఇంటావిడని అందరి ముందూ నిలబెట్టి, నేను ఏ మొహంతో మీ రేవు దాటాలి?"

"ఇప్పుడు దొంగన్న పేరుతో దాటతావా?"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "ఒకే పడవలో వెళ్దాంలే. దారిలో నాకు వక్క పెడుదువుగాని."

ఆ రాత్రి ఆమె తినలేకపోయింది. పరుపు ఎంత మెత్తగా ఉందో అంతగా గుచ్చుకుంది. లేచి నేల మీద పడుకుంది.

పొద్దున భోజనశాలలో యుమ్నా ఆమెను మంచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అక్కడ నేలంతా ఇసుకే, ఉదయాన్నే దువ్వి గీతలు తీర్చి ఉంచుతారు. చుట్టూ అతిథులు పండ్లరసాలు తాగుతున్నారు. మేనేజరు వచ్చాడు, పొడుగ్గా, ఎర్రగా ఉన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, ఎదుటి కుర్చీలో కూర్చుని యుమ్నా గురించి ఏదో చెప్పాడు. యుమ్నా సిగ్గుపడుతూ తల్లికి అర్థం చెప్పింది. "నాలాంటి అమ్మాయిని పెంచినందుకు నీకు కృతజ్ఞతలట."

"నేనొక మాట చెప్పాలని చెప్పు ఆయనకి" అంది షఫీగా.

"అమ్మా."

"చెప్పు. జాడ చెరిపింది నేను. జరీర్ కాదు. తెలియక చేశాను. జరీర్ దొంగ కాదు, అతన్ని పంపించొద్దు. నేనన్నది అన్నట్టు చెప్పు."

మేనేజరు నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. యుమ్నా గొంతు సవరించుకుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పింది. మేనేజరు ముఖం జాలిగా మారింది. షఫీగా చేతి మీద చెయ్యి వేసి మెత్తగా ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"బాధపడొద్దన్నాడు. బాగున్న గుడ్లను వేరే చోట భద్రంగా పెట్టారట."

షఫీగాకు ఇంగ్లీషు రాదు. కానీ పేరు ఏ భాషలోనైనా పేరే. తను రెండుసార్లు అన్న పేరు కూతురి నోటి నుంచి ఒక్కసారీ రాలేదు.

"జరీర్ అనలేదు నువ్వు."

"అమ్మా, ఇంక చాలు. అందరూ చూస్తున్నారు."

షఫీగా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. భోజనశాల చివర పూలచెట్ల దగ్గర ఎవరో చీపురు ఆనించి పెట్టారు. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి దాన్ని తీసుకుంది. మేనేజరు కూర్చున్న చోటికి తిరిగొచ్చి, నడుం వంచి, తీర్చిన ఆ గీతలన్నీ చెరిగిపోయేలా అతని కాళ్ల ముందు ఇటు నుంచి అటు ఊడ్చింది. ఊడ్చిన చోట మోకాలు ఆనించి కూర్చుని, తాబేలు ఎలా పాకుతుందో రెండు చేతులతో ఇసుక మీద గీసి చూపించింది. మళ్లీ లేచి, చీపురుతో దాన్ని చెరిపేసింది. తర్వాత అరచేత్తో తన గుండె మీద కొట్టుకుంది.

"నేను" అంది. తర్వాత, తనకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాటా కలిపి, "జరీర్, నో" అంది. అర్థమైందో లేదోనని రెండోసారి కూడా అంది.

పక్క బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నారు. మేనేజరు చీపురు వైపు చూశాడు, ఇసుక వైపు చూశాడు, చివరికి యుమ్నా వైపు చూశాడు. అతని ముఖంలో జాలి పోయింది. ఒక్క ప్రశ్న అడిగాడు. అది ఏమిటో షఫీగాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

యుమ్నా తల వంచుకుని, ఈసారి మొత్తం చెప్పింది. చాలాసేపు పట్టింది. జరీర్ పేరు చాలాసార్లు వినిపించింది.

జరీర్‌ను పంపించలేదు. దొంగ అన్న మాట కొట్టేశారు. చీపురిచ్చినందుకు, దగ్గరికెళ్లి చూడకుండానే చూశానన్నందుకు అతన్ని ఒడ్డు పని నుంచి తీసేసి చెత్త కాల్చే వైపు వేశారు. యుమ్నాను ఎవరూ ఏమీ అనలేదు. విభాగానికి పెద్ద ఎవరన్నది వచ్చే ఏడు చూద్దామని మాత్రం అన్నారు. మేనేజరు షఫీగాతో ఫొటో దిగాడు, మాటిచ్చాడు కాబట్టి. ఆ ఫొటోలో ఆమె కుడిచేతికి ఇంకా ఇసుక అంటుకుని ఉంది.

పడవకు ముందు ఆమె జరీర్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. అతను తోపుడుబండి మీద ఎండాకులు ఎత్తుతున్నాడు.

"ఉద్యోగం నిలబడిందిగా" అంది ఆమె. అన్నాక తన గొంతే తనకు చిన్నగా వినిపించింది.

"నిలబడింది. నిన్న దొంగన్నారు. దొంగంటే కాస్త భయమైనా ఉంటుంది. ఇవాళ ఆడమనిషి చేత ఊడ్పించుకుని పడుకున్నవాడు అంటున్నారు. పొద్దున వంటవాళ్లు నా చేతికి గరిటె ఇచ్చి, 'ఇది ఏ దొరసానికి ఇస్తావు?' అని అడిగారు."

"క్షమించరా తమ్ముడూ."

"ఎవరిని ఎవరు క్షమించాలక్కా? నేను చీపురివ్వకుండా ఉండాల్సింది, నువ్వు ఊడవకుండా ఉండాల్సింది, ఆ తాబేలు ఇంకో దీవి చూసుకోవాల్సింది." బండి ఎత్తి రెండడుగులు వేసి ఆగాడు. "నలిగిన వాటిని ఆ అమ్మాయి పొదల వెనక పాతిపెట్టింది. నన్నే గొయ్యి తవ్వమంది. తవ్వాను." బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

షఫీగా మొగలి పొదల దాకా నడిచింది. దారిలో, బాగున్న గుడ్లను మార్చిన చోట, కొత్తగా కర్రలు పాతి తాడు కట్టి ఉంది. అక్కడ ఆగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. పొదల వెనక తవ్వి పూడ్చిన చోట ఇసుక కొంచెం ఎత్తుగా ఉంది. గాలికి ఒక ఆకు వచ్చి దాని మీద పడింది. ఆమె వంగింది, తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆకును అలాగే వదిలేసి రేవుకు వెళ్లింది.

ఆ రిసార్టులో ఒక పద్ధతి ఉంది. అతిథులు వెళ్లిపోయేటప్పుడు ఉద్యోగులు రేవు చివర వరసగా నిలబడి, పడవ కనుమరుగయ్యేదాకా చేతులు ఊపుతారు. ఎండైనా వానైనా, అతిథి చిరాకు మనిషైనా, చెయ్యి దించరు. షఫీగా పడవ ఎక్కేసరికి ఆ వరస సిద్ధంగా ఉంది. అందులో యుమ్నా కూడా ఉంది, ఇస్త్రీ బట్టలు, పేరు బిళ్ల, నవ్వుముఖం. పొద్దుటి నుంచీ తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టె మాత్రం తనే మోసుకొచ్చి పడవలో పెట్టింది.

పడవ కదిలింది. అందరి చేతులూ ఒక్కసారే లేచాయి. యుమ్నా చెయ్యి కూడా లేచింది, మిగతావాళ్ల చేతులతో సమంగా, అదే ఎత్తున, అదే వేగంతో ఊగింది. ఆ నవ్వు ఎవరికోసమో షఫీగాకు తెలియలేదు. తనూ చెయ్యి ఎత్తింది.

పడవ ఇంకా దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ దాటనే లేదు, ముఖాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. వరసలో ఒక చెయ్యి కిందికి దిగింది. యుమ్నాది. మిగతా చేతులు ఊగుతూనే ఉన్నాయి. ఆమె వరస నుంచి బయటికి వచ్చి, వీపు తిప్పి, తల వంచుకుని రేవు వెంబడి నడిచి వెళ్లిపోతోంది. ఏ అతిథికీ ఆ పిల్ల అలా చేసి ఉండదు.

షఫీగా చెయ్యి దించలేదు. కూతురు కొబ్బరిచెట్ల మధ్య కనిపించకుండా పోయేదాకా, ఆ తర్వాత కూడా, ఊపుతూనే ఉంది.